స్పోర్ట్ టూరర్‌ను ఎంత వేగం దాకా తీసుకెళ్లారు? 210 దగ్గర వెనక భాగం ఎందుకు ఊగింది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు చెబుతాను. ఆరు నెలల కిందట 1300 సీసీ స్పోర్ట్ టూరర్ (వేగంగా దూరప్రయాణాలు చేయడానికి తయారైన పెద్ద మోటార్‌సైకిల్) ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నారు. జర్మనీ హైవే అయిన ఆటోబాన్‌లో వేగ పరిమితి లేని ఒక భాగంలో, సామాను పెట్టుకునే రెండు సైడ్ బాక్సులూ సీటు వెనక టాప్ బాక్సూ తగిలించుకుని వెళ్తున్నారు. మీటరు గంటకు 210 కిలోమీటర్లు చూపేసరికి బండి వెనక భాగం అటూ ఇటూ ఊగడం మొదలైంది. మీరు వేగం తగ్గించారు, ఊపు ఆగిపోయింది. మిగతావాళ్లేమో 250 చూశామని, 260 చూశామని చెబుతున్నారు. అందుకే మీరు రెండు విషయాలు అడిగారు: మేమంతా ఎంత వేగం దాకా వెళ్లాం, మీ బండిలో ఏమైనా లోపం ఉందా.

నా అంకె ముందు చెప్పేస్తాను. ఇటువంటి ప్రశ్నకు అంకె దాచుకుని సుద్దులు చెప్పేవాడి మాట ఎవరూ వినరు, వినాల్సిన పనీ లేదు. 22 ఏళ్లుగా నేను స్పోర్ట్ టూరర్లే నడుపుతున్నాను. మొదటిది హోండా ఎస్‌టీ1100, ఆ తర్వాత వరసగా రెండు యమహా ఎఫ్‌జేఆర్1300లు. నేను వెళ్లిన అత్యధిక వేగం రెండో ఎఫ్‌జేఆర్ మీద. జూన్ నెలలో ఒక ఆదివారం, తెల్లవారి గంట కూడా కాలేదు. పొడిగా ఉన్న ఆటోబాన్, మూడు వరసల దారి, కనుచూపు మేర ఒక్క వాహనం లేదు. బాక్సులన్నీ విప్పేశాను, ముందు అద్దాన్ని (విండ్‌స్క్రీన్‌ను) పూర్తిగా దించాను, గడ్డం ట్యాంకుకు ఆనించాను. మీటరు 252 చూపింది, జీపీఎస్ 238 నమోదు చేసింది. ఆ వేగం మీద ఉన్నది పది పన్నెండు సెకన్లు. అదే బండి మీద బాక్సులు పెట్టుకుని మాత్రం నేను ఎప్పుడూ 170 దాటలేదు. మీకు పనికొచ్చే అంకె ఈ రెండోది.

ఇక మీరు వింటున్న 250, 260ల సంగతి. అబద్ధాలని అనను. చాలామంది మీటరు మీద నిజంగానే ఆ అంకె చూసి ఉంటారు. అయితే స్పీడోమీటర్ ఉన్న వేగం కంటే తక్కువ చూపకూడదని నిబంధన. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది ఈ విషయమే చెబుతుంది. తక్కువ చూపడానికి వీల్లేదు కానీ, పది శాతం, దాని మీద మరికొన్ని కిలోమీటర్లు ఎక్కువ చూపవచ్చు. కంపెనీలు అందుకే ముందుజాగ్రత్తగా మీటరును కొంచెం ఎక్కువ చూపేలాగే తయారు చేస్తాయి. నా బండి 238ని 252గా చూపింది, అంటే ఆరు శాతం ఎక్కువ. టైరు అరిగినకొద్దీ దాని చుట్టుకొలత తగ్గి ఈ తేడా ఇంకాస్త పెరుగుతుంది. కనుక మీ 210 అసలు వేగం 198కి అటూ ఇటూగా ఉండి ఉంటుంది. జీపీఎస్ అంకెను కూడా కళ్లు మూసుకుని నమ్మకండి. చదునైన తిన్నని దారిలో కనీసం ఐదారు సెకన్లు ఒకే అంకె నిలిస్తేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పల్లంలో, వెనకగాలితో వచ్చిన అంకె బండిది కాదు. వేగ రికార్డులు పెట్టేవారు రెండు దిశల్లోనూ నడిపి సగటు తీసేది ఇందుకే.

మరి 240 దగ్గర ఈ బండ్లన్నీ ఎందుకు ఆగిపోతాయి? 145 హార్స్‌పవర్ ఉన్న ఎఫ్‌జేఆర్, అంతకంటే ఎక్కువ శక్తి ఉన్న కవాసాకి 1400జీటీఆర్, రెండూ దాదాపు ఒకే ప్రాంతంలో ఎందుకు అలసిపోతాయి? కారణం గాలి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది, ఆ నిరోధాన్ని నెట్టడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఒక మామూలు స్పోర్ట్ టూరర్, దాని మీద వంగి కూర్చున్న మనిషి, ఇద్దరి కొలతలూ కలిపి నేను వేసిన లెక్క ఇలా ఉంది. గాలిని చీల్చడానికి మాత్రమే 100 దగ్గర 7 హార్స్‌పవర్ చాలు. 200 దగ్గర 55 దాకా కావాలి. 240 దగ్గర 97, 260 దగ్గర 123. అంటే 240 నుంచి 260కి చేరే ఆ చివరి 20 కిలోమీటర్ల కోసం ఇంజిన్ మరో 26 హార్స్‌పవర్ తేవాలి. 155 వేగంతో వెళ్లే బండికి గాలిని చీల్చడానికి కావలసిన మొత్తం శక్తి అంతే. దీనికి తోడు టైర్ల రాపిడి, ఇంజిన్ శక్తిని వెనక చక్రానికి చేర్చే షాఫ్టులో పోయే శక్తి ఉండనే ఉన్నాయి.

ఈ కథను ముందుగా గ్రహించినవారిలో బీఎండబ్ల్యు ఇంజినీర్లు ఉన్నారు. 1976లో వచ్చిన ఆర్100ఆర్‌ఎస్ ఫెయిరింగ్‌ను, అంటే గాలిని పక్కలకు తప్పించే ముందు తొడుగును, ఇటలీలోని పినిన్‌ఫరీనా విండ్ టన్నెల్‌లో (గాలిని వీయించి పరీక్షించే సొరంగంలో) తీర్చిదిద్దారు. కేవలం 70 హార్స్‌పవర్‌తో ఆ బండి 200ను అందుకుంది, అదీ నడిపేవాడికి గాలి దెబ్బ తగలకుండా. జర్మనీలో అప్పట్లో మోటార్‌సైకిళ్లకు 100 హార్స్‌పవర్ మించకూడదని తయారీదారులు తమకు తాముగా ఒక ఒప్పందం పెట్టుకున్నారు. శక్తి పెంచే దారి లేదు కనుక 1988లో కే1 అనే బండిని ముందు చక్రం దగ్గర నుంచి తోక దాకా కప్పేసి, నడిపేవాడు వాలి పడుకుంటే గాలి నిరోధ గుణకం (ఇది ఎంత తక్కువైతే బండి గాలిని అంత తేలిగ్గా చీలుస్తుంది) 0.34కి దిగేలా చేశారు. 100 హార్స్‌పవర్‌తోనే అది 230 దాటింది. నా దృష్టిలో స్పోర్ట్ టూరింగ్ చరిత్రలో అన్నిటికంటే తెలివైన బండి అదే, చూడటానికి ఎలా ఉన్నా సరే.

జపాన్ కంపెనీలది వేరే దారి. 1984లో కవాసాకి జీపీజెడ్900ఆర్ 115 హార్స్‌పవర్‌తో 240ని దాటింది. 1990లో జెడ్‌జెడ్-ఆర్1100 వేగం 280 ప్రాంతానికి వెళ్లింది. 1996లో హోండా బ్లాక్‌బర్డ్ దాన్ని మించింది. 1999లో సుజుకి హయబూస 300 దాటేసింది. ప్రభుత్వాలు ఎక్కడ నిషేధిస్తాయోనన్న భయంతో, ఆ తర్వాత కంపెనీలు తమలో తాము మాట్లాడుకుని 300 దగ్గర గీత గీసుకున్నాయి. ఈ బండ్ల మీద బ్యాగులు కట్టుకుని దూరప్రయాణాలు చేసేవారు చాలామంది ఉన్నారు కాబట్టి, 'నా టూరర్ 280 వెళ్లింది' అనే మాట మీకు వినబడవచ్చు. అది వేరే జాతి బండి. వెడల్పాటి ఫెయిరింగ్, నిటారుగా కూర్చునే సీటు, పెద్ద అద్దాలు, షాఫ్ట్ డ్రైవ్ ఉన్న మన బండ్లు 240, 250 దగ్గరే ఉండిపోయాయి. 2018లో వచ్చిన సూపర్‌చార్జర్ ఇంజిన్ గల నింజా హెచ్2 ఎస్ఎక్స్ వంటివాటిని మినహాయించి చెబుతున్నాను, దానికి 200 హార్స్‌పవర్ ఉంది.

బాక్సులు పెడితే ఈ లెక్కలన్నీ మళ్లీ దిగజారతాయి. గాలి నిరోధం నాలుగో వంతు పెరిగిందనుకుంటే గరిష్ఠ వేగం ఏడు శాతం దాకా పడిపోతుంది, 240 వెళ్లే బండి 223 దగ్గర ఆగుతుంది. పైగా ఆ బాక్సుల లోపల మూత దగ్గరో, హ్యాండ్ బుక్కులోనో ఒక అంకె రాసి ఉంటుంది. విడిగా కొన్న టాప్ బాక్సుల మీద 120 అని, కంపెనీ బాక్సుల మీద 130 అని, కొన్నింటి మీద 180 అని చూశాను. చాలామంది ఆ స్టిక్కరును 'వాళ్లు వాళ్ల జాగ్రత్త కోసం రాసుకున్నారు' అని కొట్టిపారేస్తారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఆ స్టిక్కరు వెనక ఉన్నది ఏమిటో మీకు 210 దగ్గర తెలిసింది, నాకు 190 దగ్గర తెలిసింది.

మీరు అనుభవించినదాన్ని వీవ్ అంటారు. బండి మొత్తం, ముందు వెనకలు రెండూ, పాము నడకలా మెలికలు తిరుగుతుంది. సెకనుకు రెండు నుంచి నాలుగు ఊపులు. దీన్ని వాబుల్‌తో కలపకండి. వాబుల్‌లో హ్యాండిల్ ఒక్కటే సెకనుకు ఆరు నుంచి పది సార్లు వణుకుతుంది. హ్యాండిల్ మీద చేతులు వదిలేసి 70 దగ్గర వేగం తగ్గుతుంటే కొన్ని బండ్లలో కనిపించేది అది. వీవ్ అధిక వేగం జబ్బు. ప్రతి మోటార్‌సైకిల్‌లోనూ ఈ గుణం పుట్టుకతోనే ఉంటుంది. మామూలు వేగంలో ఏ గుంతలోనో పడి బండి ఒకసారి ఊగినా, ఆ ఊపు రెండు మూడు మెలికల్లో తనంత తాను అణిగిపోతుంది కనుక మనకు తెలియదు. వేగం పెరిగినకొద్దీ ఆ అణిగే శక్తి తగ్గుతూ వస్తుంది. ఒక స్థాయి దగ్గర ఊపు అణగకుండా అలాగే కొనసాగుతుంది. దాన్ని కూడా దాటితే ప్రతి ఊపూ ముందుదాని కంటే పెద్దదవుతుంది. ఉయ్యాలను సరైన క్షణంలో మళ్లీ మళ్లీ తోస్తే ఏమవుతుందో అదే. మీరు మొదటి స్థాయి దాకా వెళ్లి వెనక్కి వచ్చారు, రెండోదాన్ని చూడలేదు. చూడకూడదనే కోరుకుంటున్నాను.

టాప్ బాక్సు ఈ స్థాయిని ఎందుకు కిందికి లాగుతుందో చెబుతాను, ఇందులోనే మీ జవాబు ఉంది. మొదటిది, వెనక ఇరుసు కంటే వెనకగా, ఎత్తుగా పెట్టిన బరువు. పొడవాటి కర్ర చివర రాయి కట్టి ఊపితే ఎంత కష్టంగా ఆగుతుందో, ఇరుసు వెనక వేలాడే పది కిలోలు కూడా అలాగే ఊపును నిలుపుతాయి. రెండోది, నడిపేవాడి వీపు వెనక సుడులు తిరిగే గాలి ఆ పెట్టెను ఎడమకూ కుడికీ కొడుతూ ఉంటుంది. ఊపు మొదలవడానికి కావలసిన తోపు దొరికినట్టే. మూడోది ఎవరూ చెప్పరు, అదే ముఖ్యం: ముందు చక్రం తేలికవడం. గాలి బండిని వెనక్కి నెట్టేది నేల మట్టం దగ్గర కాదు, మన ఛాతీ, అద్దం ఉన్న ఎత్తులో. 240 దగ్గర ఆ తోపు 1,000 న్యూటన్లు దాటుతుంది. అది నేలకు 90 సెంటీమీటర్ల ఎత్తున పనిచేస్తోందనుకుని, రెండు ఇరుసుల మధ్య దూరంతో భాగిస్తే ముందు చక్రం మీద నుంచి దాదాపు 60 కిలోలు వెనక చక్రం మీదికి వెళ్లిపోతాయి. నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రం మోసేది 180 కిలోలు అనుకుంటే, అందులో మూడో వంతు మాయం. నింపిన బాక్సులు, వెనక మనిషి ఉంటే ముందు చక్రం అసలే తేలికై బయలుదేరుతుంది. ఎలక్ట్రిక్ అద్దాన్ని పైకి లేపి పెట్టుకుంటే ఇది ఇంకా పెరుగుతుంది. మీరు ఆ రోజు అద్దం ఎంత ఎత్తులో పెట్టారో రాయలేదు, గుర్తుంటే చెప్పండి.

ఇది మీ ఒక్కరి బండికే వచ్చిన జబ్బు కాదనడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. బ్రిటన్‌లో పోలీసులు విరివిగా వాడిన హోండా ఎస్‌టీ1300 మీద, పోలీసు సామగ్రి నింపిన స్థితిలో, అధిక వేగంలో ఇటువంటి వీవ్ వస్తోందన్న ఆందోళన పెరిగి, 2007లో అక్కడి పోలీసు దళాలు కొన్ని ఆ బండిని వాడకం నుంచి తప్పించాయి. నడిపినవారు సామాన్యులు కారు, రోజూ ఆ వేగాల్లో తిరిగే శిక్షణ పొందినవారు. అదే బండిని మామూలు వేగాల్లో లక్షల కిలోమీటర్లు హాయిగా నడిపినవారూ ఉన్నారు. అంటే బరువు, వేగం, గాలి మూడూ ఒక చోట కలిసినప్పుడే ఆ గుణం బయటపడుతుంది. ఈ విషయంలో ట్రయంఫ్ చేసిన ప్రయత్నం నాకు చాలా నచ్చింది. 2012లో వచ్చిన ట్రోఫీలో రెండు సైడ్ బాక్సులనూ ఒక కడ్డీతో కలిపి, చాసిస్‌తో సంబంధం లేకుండా కొద్ది డిగ్రీలు ఊగే వీలు కల్పించారు. బాక్సును చేత్తో కదిపి చూసి 'వదులుగా ఉంది' అని కంగారుపడే కొత్త యజమానులకు తెలియనిది ఏమిటంటే, ఆ కదలికే బండిని నిలకడగా ఉంచుతుంది.

నా ఎస్‌టీ1100 మీద జరిగింది చెబుతాను. టాప్ బాక్సులో నీళ్ల సీసాలు, పనిముట్ల సంచి, తాళం గొలుసు కలిపి తొమ్మిది కిలోలు పెట్టుకుని బయలుదేరాను. మీటరు మీద 190 దగ్గర, ఒక లారీని దాటిన వెంటనే, వెనక భాగం ఊగింది. నేను అందరూ చేసే తప్పే చేశాను: హ్యాండిల్‌ను గట్టిగా బిగించి పట్టుకున్నాను. బిగించిన చేతుల ద్వారా నా ఒంటి ఊపు నేరుగా స్టీరింగులోకి వెళ్లింది, మెలిక రెట్టింపైంది, వరస దాటి పక్క వరసలోకి జరిగిపోయాను. అక్కడ వాహనం లేకపోవడం వల్ల ఇప్పుడు ఇది రాస్తున్నాను. యాక్సిలరేటర్ మెల్లగా తగ్గడంతో 160 దగ్గర ఊపు ఆగింది. ఇంటికి వచ్చి ముందు చక్రాన్ని లేపి చూస్తే స్టీరింగ్ బేరింగులు, మెకానిక్కులు కోన్‌సెట్ అనేవి, వదులుగా ఉన్నాయి. అంతకు నెల ముందే ఒక వర్క్‌షాపు వాటిని చూసి బాగున్నాయని రాసి ఇచ్చింది. అప్పటి నుంచి ఆ పరీక్ష నేనే చేసుకుంటున్నాను.

కాబట్టి ఊపు మళ్లీ ఎదురైతే ఇలా చేయండి. చేతులు వదులు చేయండి, మోకాళ్లతో ట్యాంకును పట్టుకోండి, ఒంటిని ముందుకు వంచి ట్యాంకు మీదికి తీసుకురండి. అలా చేస్తే ముందు చక్రం మీద బరువు పెరుగుతుంది, వీపుకు తగిలే గాలీ తగ్గుతుంది. యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా తగ్గించండి. బ్రేకు గట్టిగా పట్టకండి. ఎదురు హ్యాండిల్ తిప్పి ఊపును సరిచేయాలని అసలే ప్రయత్నించకండి, సెకనుకు మూడు మెలికలతో మన చేతులు తాళం కలపలేవు, ఎప్పుడూ ఆలస్యమై ఊపుకే తోడవుతాయి. ఇంకాస్త వేగం పెంచితే సర్దుకుంటుందని చెప్పేవారు ఉన్నారు. దయచేసి వినకండి.

టైర్ల గురించి. మీ బండి సెకండ్ హ్యాండుది కనుక నాకు మొదటి అనుమానం వాటి మీదే. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది, మొదటి రెండూ అది తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. నిండా గాడులున్న టైరు కూడా ఏడెనిమిదేళ్ల పాతదైతే 200 దగ్గర దాన్ని నమ్మకండి. వెనక టైరు మధ్యలో చదునుగా అరిగిపోయి ఉంటే, తారు గీత మీదికి ఎక్కినప్పుడల్లా బండి పక్కకు తడబడుతుంది, వీవ్‌కు అది చక్కని ఆరంభం. ఆ పైన టైరు తట్టుకునే వేగాన్ని చెప్పే అక్షరాలు చూడండి: హెచ్ అంటే 210, వి అంటే 240, డబ్ల్యు అంటే 270. ఆ అక్షరం పక్కన ఉన్న సంఖ్య బరువుది. 73 అంటే ఆ టైరు 365 కిలోలు, 58 అంటే 236 కిలోలు మోయగలదు. ఒక కిటుకు ఇక్కడ ఉంది. ఆ బరువు మోసే సామర్థ్యం అత్యధిక వేగం దగ్గర పూర్తిగా ఉండదు, పై వేగాల్లో తగ్గించి లెక్కించాలి. నిండా సామానుతో వెళ్లేవాడికి టైరు మీది రెండు అంకెలూ ఒకేసారి వర్తించవు. గాలి విషయంలో మాత్రం వాదన అక్కర్లేదు. వెనక 42 పీఎస్ఐ అని పుస్తకంలో ఉంటే చల్లటి టైరులో 42 ఉండాలి. ఐదారు తక్కువగా ఉంటే టైరు గోడలు మెత్తబడి, వేడెక్కి, మీరు చూసిన ఊపుకు అది ఒక్కటే కారణం కావచ్చు.

ఇంతవరకూ బండి సంగతి. ఇక బండి ఏ తప్పూ చేయకపోయినా మిగిలే విషయం ఒకటుంది, నా చేత 238 తర్వాత మళ్లీ ఆ ప్రయత్నం మాన్పించింది అదే. 240 దగ్గర సెకనుకు 67 మీటర్లు వెళ్తాం. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద వేళ్లు పడటానికి ఒక్క సెకను, ఆ తర్వాత మంచి ఏబీఎస్, పొడి రోడ్డు, అన్నీ సరిగ్గా కుదిరితే 280 మీటర్లు. మొత్తం దాదాపు 345 మీటర్లు. 200 దగ్గర ఇదే లెక్క 250 మీటర్లు, 100 దగ్గర 76. రాత్రి పూట డిమ్ లైటు వెలుగు 50, 60 మీటర్లకు మించి రోడ్డును చూపదు, కనుక చీకట్లో ఈ వేగాల గురించి చర్చే లేదు. పగలు కూడా అసలు సమస్య ఆగడం కాదు, ఎదుటివాడి అద్దం. 130తో వెళ్తున్న కారు డ్రైవరు వరస మారబోతూ అద్దంలో చూస్తాడు. వెనక 200 మీటర్ల దూరంలో మీ హెడ్‌లైటు ఒక చిన్న చుక్క. అది 140తో వస్తోందో 240తో వస్తోందో ఆ చుక్కను చూసి ఏ మనిషీ చెప్పలేడు. 240 అయితే ఆ 200 మీటర్లూ ఆరున్నర సెకన్లలో కరిగిపోతాయి. అతను తప్పు చేయలేదు, చూశాడు, ఖాళీ ఉందనుకున్నాడు, వచ్చాడు. ఆటోబాన్‌లో పరిమితి లేని భాగాల్లో కూడా సిఫారసు వేగం 130 అని ఉంది. దాన్ని మించి వెళ్తూ ప్రమాదంలో ఇరుక్కుంటే, తప్పు అవతలివాడిదైనా, బాధ్యతలో కొంత మన మెడకు చుట్టుకునే అవకాశం ఉంది.

పరిమితి ఉన్న రోడ్డు మీద ఈ వేగాల గురించి నేనేమీ చెప్పను, అక్కడ నా జవాబు వెళ్లవద్దు అనే. బండి సత్తా చూడాలనుంటే రేసు ట్రాకు మీద మన బండిని నడపనిచ్చే ట్రాక్ డేలు ఉన్నాయి, విమానాల రన్‌వేలను అద్దెకు తీసుకుని జరిపే వేగ పరీక్షలు ఉన్నాయి. ఎదురు వాహనం లేదు, అంబులెన్సు పక్కనే ఉంటుంది, వేగాన్ని వాళ్లే కొలిచి కాగితం మీద ఇస్తారు. మీటరు గొడవ కూడా తీరిపోతుంది.

ఈ బండ్ల నిజమైన సత్తా ఎక్కడ ఉందో కూడా రాయాలి, లేకపోతే కొన్నందుకు మీరు చిన్నబుచ్చుకుంటారు. అమెరికాలో ఐరన్ బట్ అసోసియేషన్ అని ఒకటి ఉంది. వారి సాడిల్‌సోర్ 1000 అనే ధ్రువపత్రం కావాలంటే 24 గంటల్లో 1,000 మైళ్లు, అంటే 1,609 కిలోమీటర్లు నడపాలి. వినగానే భయంకరమైన వేగం కావాలనిపిస్తుంది. భాగించి చూడండి: సగటు గంటకు 67 కిలోమీటర్లు. దాన్ని సాధించలేకపోయేవారు నెమ్మదిగా నడిపినవారు కాదు, పెట్రోలు బంకుల దగ్గర, కాఫీల దగ్గర, వీపు నొప్పి దగ్గర సమయం పోగొట్టుకున్నవారు. 24 గంటల్లో 1,500 మైళ్లు నడిపే బన్ బర్నర్ గోల్డ్‌కు కూడా సగటు 100 మాత్రమే. కానీ ఆ 100ను ఒక పగలూ ఒక రాత్రీ నిలబెట్టడానికి కావలసింది పెద్ద ట్యాంకు, గాలి తగలని ఫెయిరింగ్, నిటారు సీటు, వేడెక్కని ఇంజిన్. స్పోర్ట్ టూరర్‌ను పుట్టించింది అందుకే.

ఒకసారి నేనూ ఒక మిత్రుడూ ఒకే రకం బండ్ల మీద 640 కిలోమీటర్ల ప్రయాణానికి ఒకేసారి బయలుదేరాం. అతను దారి ఖాళీ దొరికిన ప్రతి చోటా 200 దాటించాడు. నేను 140 దగ్గర ఉండిపోయాను. 25 లీటర్ల ట్యాంకును నేను దారిలో ఒక్కసారి నింపితే సరిపోయింది. 200 దగ్గర ఈ బండి 100 కిలోమీటర్లకు పది లీటర్ల దాకా తాగుతుంది కనుక అతను రెండుసార్లు ఆగాడు. దారి పనులు, లారీల వరసలు ఇద్దరినీ సమానంగా ఆపాయి. చివరికి నాకంటే అరగంట ముందు చేరాడు. చెవుల్లో హోరు తగ్గక, మెడ తిప్పలేక, భోజనం కూడా చేయకుండా పడుకున్నాడు. హెల్మెట్ లోపల గాలి హోరు 100 దగ్గరే చెవికి చెడు చేసేంత ఉంటుందని, చెవి ప్లగ్గులు లేకుండా దూరం నడపకూడదని అప్పటి నుంచి అతనే అందరికీ చెబుతుంటాడు.

ఇక మీ బండికి వద్దాం. ఇందులో లోపం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మూడు బాక్సులతో 198 అసలు వేగం దగ్గర ఊగడం చాలా టూరర్లలో ఆశ్చర్యపడాల్సిన విషయం కాదు. అయినా సెకండ్ హ్యాండ్ బండి కనుక నిర్ధారించుకోవాలి. ముందుగా టైర్ల వయసు, గాలి, అరుగుదల చూడండి. ఆ తర్వాత ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, ఫోర్కుల అడుగు భాగాన్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. టక్‌మని తగిలితే బేరింగులు వదులు. హ్యాండిల్‌ను మెల్లగా తిప్పుతుంటే మధ్యలో ఎక్కడైనా గాడిలో పడినట్టు ఆగితే అవి అరిగిపోయాయి. వెనక చక్రాన్ని లేపి, ఆ చక్రాన్ని చాసిస్‌కు కలిపే స్వింగ్ ఆర్మ్‌ను పక్కలకు తోసి చూడండి, అక్కడ వెంట్రుకవాసి కదలిక కూడా ఉండకూడదు. వెనక సస్పెన్షన్ ప్రీలోడ్ (స్ప్రింగును ముందే ఎంత బిగించాలో పెట్టుకునే సర్దుబాటు) ఒంటరి మనిషికి సరిపోయేలా ఉండి, మీరు మూడు బాక్సులు నింపి ఉంటే, వెనక కుంగి ముందు ఇంకా తేలికై ఉంటుంది. సామాను బరువును బట్టి దాన్ని పెంచండి. బరువైనవన్నీ సైడ్ బాక్సుల్లో కిందికి, ముందుకు సర్దండి, రెండు వైపులా సమానంగా. టాప్ బాక్సులో రెయిన్ కోటు, చేతి తొడుగులు వంటివే పెట్టండి.

ఇదంతా అయ్యాక పరిమితి లేని అదే దారిలో, మొదట బాక్సులేవీ లేకుండా, అద్దం దించి, 130 నుంచి పదేసి కిలోమీటర్లు పెంచుతూ 180 దాకా వెళ్లి చూడండి. ప్రతి దశలో ఒక నిమిషం నిలపండి. అక్కడ నిలకడగా ఉంటే సైడ్ బాక్సులు మాత్రం తగిలించి, వాటి మీద రాసి ఉన్న వేగం దాకా మాత్రమే చూడండి. బాక్సులు లేకుండా కూడా ఊగితే లోపం బండిలోనే ఉంది, అప్పుడు నడపడం ఆపి స్టీరింగ్, స్వింగ్ ఆర్మ్ బేరింగులను విప్పి చూపించండి. టైర్ల మీది నాలుగు అంకెలు, ఆ రోజు గాలి ఎంత పెట్టారో, ప్రీలోడ్ ఎక్కడ ఉందో ఇక్కడ రాయండి. వాటిని చూస్తే ఇంతకంటే కచ్చితంగా చెప్పగలను.